పన్నెండున్నరకు బ్వేనోస్ దీయాసా, బ్వేనాస్ తార్దెసా?

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో స్పానిష్ చెప్తున్న టీచర్ ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, స్కూలు వివరాలు బయటపెట్టొద్దన్నారు. వయసు 27. ఎమ్మే స్పానిష్ ఇక్కడే చేసి, ఈ జూన్‌లో మొదటిసారి ఉద్యోగంలో చేరారు. ఆరో తరగతిలో 32 మంది పిల్లలు. ఒక్కడికి తప్ప అందరికీ స్పానిష్ కొత్తే. సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం పన్నెండున్నరకు పీరియడ్, అది అవగానే లంచ్.

ఆమె కష్టం కొంత ఆమె మాటల్లోనే వినండి. "నేను క్లాసులోకి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడి 'బ్వే...నోస్ దీ...యాస్ ప్రొఫెసో...రా' అంటారు. గుడ్ మార్నింగ్ మేడమ్ అనే రాగం అదే, మాటలు మాత్రం మారాయి. 'కోమో ఎస్తాస్' అని ఎలా ఉన్నావో అడగడం ఆలస్యం, 32 గొంతులూ 'ఎస్తోయ్ బియెన్, గ్రాథియాస్, ఇ తూ' అని అప్పజెప్పేస్తాయి. బాగున్నాను, థాంక్స్, మరి నువ్వు అని. మొన్న ఒక పాప జ్వరంతో బల్ల మీద తల పెట్టుకుని పడుకుంది. దగ్గరికెళ్ళి 'కోమో ఎస్తాస్' అంటే తల ఎత్తకుండానే 'ఎస్తోయ్ బియెన్ గ్రాథియాస్ ఇ తూ' అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు." ఇది చాలదన్నట్టు, ఈవిడ హలో అనడానికి 'ఓలా' అన్నప్పుడల్లా వెనక బెంచీ నుంచి 'ఊబర్' అని జవాబు వస్తోందట.

స్పానిష్ ముందే వచ్చిన ఆ ఒక్కడి సంగతి వేరు. డాలస్‌లో పెరిగి పోయిన ఏడాదే ఇంట్లోవాళ్ళతో తిరిగొచ్చాడు. అక్కడ పక్కింటి మెక్సికన్ పిల్లలతో ఆడుకుంటూ స్పానిష్ పట్టేశాడు. మొదటి వారంలోనే "గ్రాథియాస్ కాదు మేడమ్, గ్రాసియాస్" అని దిద్దాడు. ఇంకోరోజు ఆమె బోర్డు మీద 'బ్వేనోస్ దీయాస్' అని రాస్తే, "పన్నెండు దాటింది కదా మేడమ్, బ్వేనాస్ తార్దెస్ అనాలి" అన్నాడు, అంటే గుడ్ ఆఫ్టర్‌నూన్ అని. స్పెయిన్‌లో ఇలాగే అంటారని ఆమె చెప్పారు. "మీరు స్పెయిన్ వెళ్ళారా మేడమ్?" అని వాడి తర్వాతి ప్రశ్న. వెళ్ళలేదన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ పీరియడ్‌లో తర్వాత ఏం చెప్పారో తనకే గుర్తులేదట.

కోఆర్డినేటర్ ఒకరోజు వెనక కూర్చుని క్లాసు చూసి, "నెల దాటినా ఇంకా పలకరింపులేనా? అంకెల్లోకి వెళ్ళండి" అన్నారు. వచ్చే నెల తల్లిదండ్రుల ముందు పిల్లలతో స్పానిష్ మాట్లాడించాలట. స్పెయిన్‌లో చెంపకు చెంప ఆనించి పలకరించుకుంటారని స్లైడ్ చూపించినందుకు ఒక తల్లి ఫోన్ చేసి కోప్పడ్డారు. గచ్చిబౌలిలో ఒక కంపెనీ నుంచి స్పానిష్ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి పిలుపు కూడా వచ్చింది, జీతం దాదాపు రెట్టింపు. చివరికి ఆమె అడిగినవి మూడు: ఆ అబ్బాయిని ఎలా ఆపాలి, ఏ ఉచ్చారణ నేర్పాలి, అసలు ఈ ఉద్యోగం తనకు తగినదేనా.

ముందు ఆ పన్నెండున్నర సంగతి తేల్చేద్దాం. మీ టెన్షన్‌లో సగం అక్కడే ఉన్నట్టుంది. మీరు చెప్పింది తప్పు కాదు, వాడు చెప్పిందీ తప్పు కాదు. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటల మధ్య. చాలామందికి భోజనం అయ్యేదాకా పొద్దున కిందే లెక్క, ఒంటిగంటకు కూడా బ్వేనోస్ దీయాస్ అంటారు. మెక్సికోలో పన్నెండు దాటితే బ్వేనాస్ తార్దెస్. సాయంత్రాలూ అంతే. జూన్‌లో మాడ్రిడ్‌లో తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది, ఎనిమిదింటికి ఎదురైనవాళ్ళకు బ్వేనాస్ తార్దెస్సే చెప్తారు. ఇక బ్వేనాస్ నోచెస్ అయితే మన గుడ్ నైట్‌లా వెళ్ళేటప్పుడు మాత్రమే అనేది కాదు, రాత్రి లోపలికి వస్తూ కూడా అంటారు. ఇవన్నీ మీకు తెలిసినవే. పిల్లలకు చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. మూడు మాటలకు మూడు బొమ్మలు, ఉదయం సూర్యుడు, మధ్యాహ్నం సూర్యుడు, చంద్రుడు, అంతటితో సరిపెట్టినట్టుంది. గడియారం ప్రకారం విడగొట్టి చెప్తే పన్నెండున్నర దగ్గర ఎవరో ఒకరు పట్టుకుంటారు. వాడు కాకపోతే ముందు బెంచీ పాప పట్టుకునేది.

"మీరు స్పెయిన్ వెళ్ళారా" అని అడిగితే వెళ్ళలేదని ఉన్నదున్నట్టు చెప్పారు. మంచిపని చేశారు. దాన్ని ఇంకోసారి కదిలించి సంజాయిషీ ఇవ్వకండి. కావాలంటే వచ్చే సోమవారం బోర్డు మీద రెండు ఊళ్ళ పేర్లు, మాడ్రిడ్, మెక్సికో సిటీ, రాసి వాటి కింద గంటలు వేసి, ఏ గంటకు ఎక్కడ ఏమంటారో పిల్లల చేతే నింపించండి. ఆ రోజు గొడవే పాఠమైపోతుంది. గంటలు రాయాలి కాబట్టి అంకెలు కూడా వచ్చేస్తాయి, ఇది కోఆర్డినేటర్ దగ్గర పనికొస్తుంది, ఆ సంగతి తర్వాత.

ఇప్పుడు అబ్బాయి. 'ఎలా ఆపాలి' అని అడిగారు. ఆపొచ్చు. "నేను చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడకు" అని రెండుసార్లు గట్టిగా అంటే పదకొండేళ్ళ పిల్లాడు నోరు మూసుకుంటాడు. కానీ క్లాసులో ఇంకెవరూ మీ మాటకు ఎదురు ప్రశ్న వేయరు. భాష క్లాసులో అది పెద్ద నష్టం. పైగా వాడు ఊరుకున్నా వాడి మొహం ఊరుకోదు. మీరు గ్రాథియాస్ అన్నప్పుడల్లా పక్కవాడి వైపు చూస్తాడు, మీరు పాఠం వదిలేసి ఆ చూపే చూస్తూ ఉంటారు.

ఇంకో దారి చాలామంది టీచర్లు పట్టేదే: వాడిని అసిస్టెంటు చేసేయడం. మొదట్లో బ్రహ్మాండంగా ఉంటుంది. నెల తిరిగేసరికి మిగతా 31 మందీ మీ వైపు కాక వాడి వైపు చూసి జవాబు చెప్తుంటారు. వాడికీ మంచిది కాదు. కొత్త స్కూల్లో వాడి దగ్గర అందరికంటే ఎక్కువున్నది ఆ ఒక్కటే, దాన్నే పట్టుకుని స్నేహాలన్నీ పోగొట్టుకుంటాడు.

నేనైతే మధ్యస్తంగా వెళ్తాను. క్లాసుకు ముందే, ఎవరూ లేనప్పుడు, వాడితో విడిగా మాట్లాడండి. దిద్దిన వెంటనే పిలిస్తే మందలింపులా ఉంటుంది, అది వద్దు. "నీది మెక్సికో స్పానిష్, నాది స్పెయిన్ స్పానిష్. నేను అడిగినప్పుడు మెక్సికోలో ఏమంటారో నువ్వు చెప్పాలి, కానీ స్పానిష్‌లోనే చెప్పాలి" అనండి. 'ఎన్ మెహికో సె దీసె...' అని మొదలుపెట్టాలి, అంటే మెక్సికోలో ఇలా అంటారు అని. పీరియడ్‌కి ఒక్కసారి, మీరు పిలిచినప్పుడే. వాడి దగ్గర మీ పుస్తకంలో లేని సరుకు ఉంటుంది. ఎవరైనా పిలిస్తే, లేదా మాట వినపడకపోతే, మెక్సికోలో పిల్లలు పెద్దవాళ్ళతో 'మాందె?' అంటారు. 'కే?' అంటే ఏంటి అని కొంచెం మొరటుగా ఉంటుందని ఇంట్లో నేర్పుతారు. ఇలాంటివి వాడి నోటి నుంచి రానివ్వండి.

అదే సమయంలో వాడికి రానిదేమిటో కూడా కనిపెట్టండి. వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న పిల్లలకు తూ బాగా వస్తుంది, మర్యాదగా పిలిచే ఉస్తెద్ అంతగా రాదు. రాత అసలే రాదు. 'కోమో ఎస్తాస్' రాయమనండి. మొదటి మాటలో ఓ మీద, రెండో మాటలో ఆ మీద గీత పెట్టడం మర్చిపోతాడు, వాక్యం ముందు తలకిందుల ప్రశ్నార్థకం సరేసరి. స్పెయిన్ రాజ భాషా అకాడమీ ఆ గుర్తును 1754లో నియమంగా పెట్టింది, ఫోన్ మెసేజీల్లో మాత్రం అక్కడివాళ్ళే వదిలేస్తుంటారు. వాడు బోర్డు దగ్గర తడబడితే నలుగురిలో నవ్వులపాలు చేయకండి. నోటుబుక్కులో దిద్దితే చాలు. తనకూ ఈ క్లాసులో నేర్చుకోవాల్సింది ఉందని వాడికి తెలుస్తుంది. ఆ పని మీరు వాడిని మందలించినా జరగదు.

ఉచ్చారణ గురించి రెండు పేజీలు రాశారు. రాత్రిళ్ళు యూట్యూబ్ పెట్టుకుని గ్రాథియాస్, గ్రాసియాస్ మార్చి మార్చి పలుకుతున్నారట. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. జెడ్‌ను, ఎ, ఇ ల ముందు వచ్చే సి ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికేది స్పెయిన్‌లో ఎక్కువ భాగం. లాటిన్ అమెరికా అంతా స అనే అంటుంది. స్పెయిన్‌లోనే కానరీ దీవులవాళ్ళు, అండలూసియాలో చాలామంది స అంటారు. స్పానిష్ వచ్చని సర్టిఫికెట్ ఇచ్చే డీఈఎల్ఈ పరీక్ష పెట్టే, స్పెయిన్ ప్రభుత్వపు సెర్వాంతెస్ సంస్థ కూడా ఏ ప్రాంతపు ప్రామాణిక ఉచ్చారణ అయినా ఒప్పుకుంటుంది. కాబట్టి మార్కుల భయం వద్దు.

మీ ముందు మూడు దారులున్నాయి. మీరు నేర్చుకున్న స్పెయిన్ పద్ధతినే ఉంచుకోవచ్చు. మీకు తేలిక, స్పెల్లింగు కూడా పిల్లలకు బాగా గుర్తుంటుంది. కాకపోతే ఒక చిక్కు, మీరు గమనించారో లేదో. మీరు పలికిన ధ్వనిని మన పిల్లలు కథలో థ లాగా పట్టుకుంటారు. అది స్పెయిన్‌దీ కాదు, మెక్సికోదీ కాదు. ఆ ఊదుడు పోగొట్టడానికి ప్రత్యేకంగా కూర్చోవాలి. రెండోది, మీరే స కి మారిపోవడం. పిల్లలకు ఇదే సులువు. కానీ ఏళ్ళ అలవాటు కాబట్టి తొందరలో పాతదే వచ్చేస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఆ అబ్బాయి వింటాడు. మూడోది, మీరు మీలాగే మాట్లాడుతూ పిల్లలకు స నేర్పడం, రెండూ ఉన్నాయని మొదటే చెప్పేసి. ఆరో తరగతికి నా ఓటు దీనికే. పిల్లలు గందరగోళపడతారని అనుకోకండి. ఇంట్లో కరీంనగర్ యాస, టీవీలో ఇంకో యాస వినే పెరుగుతున్నారు, ఇదేమంత కష్టం కాదు వాళ్ళకి.

నిజానికి మీరు స, థ దగ్గర ఆగిపోయి అసలు తప్పును వదిలేస్తున్నారేమో. మన ఇంగ్లీషు మీడియం పిల్లలు రోమన్ లిపిలో టి, డి కనపడగానే టార్డెస్, డియాస్ అని టకారం, డకారం కొడతారు. తాటాకులో త, దీపంలో ద, అవే స్పానిష్‌లో కావాల్సినవి. ఒక్కసారి తెలుగు అక్షరాల్లో తార్దెస్, దీయాస్ అని రాసి చూపించండి, 'ఓహో' అంటారు. అచ్చులైతే అ, ఎ, ఇ, ఒ, ఉ, ఐదూ మన ఇంట్లోవే. ర మీద ర వచ్చే ర్ర కోసం అమెరికా పిల్లలు నెలల తరబడి అద్దం ముందు కుస్తీ పడతారు, మనవాళ్ళు గొర్రె, కర్ర, బుర్ర అనుకుంటూనే పెర్రో (కుక్క) అనేస్తారు. రేపు అనే మన్యానాలో న్య కూడా అంతే, మన ఞ లాంటిదే. తెలంగాణలో 2018 చట్టం తర్వాత ఏ సిలబస్ స్కూలైనా తెలుగు తప్పనిసరి కాబట్టి మీ క్లాసులో ఈ అక్షరాలు రాని పిల్లలు ఉండకూడదు. నోటుబుక్కులో మాత్రం మాటలన్నీ తెలుగులో రాసుకోనివ్వకండి. ఓలా ముందు పలకని హెచ్ ఉందని, బి, వి రెండూ ఒకేలా పలుకుతాయని తెలుగు లిపి చూపించదు, తర్వాత డిక్టేషన్లో దెబ్బతింటారు. ధ్వని పట్టించడానికి బోర్డు మీద ఒకసారి రాసి, చెరిపేయండి.

ఇక అసలు విషయం, మూకుమ్మడి పాట. జ్వరం వచ్చిన పాప 'బాగున్నాను, మరి నువ్వు' అన్నది చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఆ పాప మీకు జవాబు చెప్పలేదు, ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. పలకరింపుల పాఠాన్ని ప్రశ్న, జవాబుల జంటగా నేర్పితే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. ప్రశ్న విన్నాక ఆలోచించాల్సిన పని పిల్లలకు లేదు, ఎందుకంటే జవాబు ఒక్కటే. కాబట్టి ముందు జవాబులు పెంచండి. బియెన్ పక్కన ముయ్ బియెన్, మాస్ ఒ మేనోస్ అంటే ఫర్వాలేదు, మాల్ అంటే బాగోలేదు, అలసిపోతే అబ్బాయిలు కాన్సాదో, అమ్మాయిలు కాన్సాదా. రెగులార్ కూడా చెప్పండి, మనం రెగ్యులర్ అనుకునేది కాదు, 'ఏదో అలా ఉన్నాను' అని. ఇంకొకటి, మీ పీరియడ్ టైముకు అన్నిటికంటే నిజమైనది: తేంగో ఆంబ్రె, ఆకలేస్తోంది. క్రియ వేరని, అది నాలుగో యూనిట్‌లో ఉందని ఎవరైనా అంటే అననివ్వండి. లంచ్ ముందు ఆ మాట 32 మందికీ కావాలి, వ్యాకరణం తర్వాత వస్తుంది.

క్లాసులోకి వెళ్ళి అందరికీ ఒకేసారి నమస్కారం చెప్పించే ఆచారం కొన్నాళ్ళు పక్కనపెట్టండి. తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పలకరిస్తూ లోపలికి పంపండి. మనిషికి ఐదు సెకన్లు వేసుకున్నా మూడు నిమిషాల్లోపు అయిపోతుంది. ఒకరిని ఓలా అనండి, ఇంకొకరిని కే తాల్ (ఏంటి సంగతి) అనండి, మరొకరితో ఊరికే బ్వేనాస్ అనండి, అది ఏ వేళకైనా నడుస్తుంది, పన్నెండున్నరకు కూడా. ముందు వెళ్ళినవాళ్ళకు ఏ మాట వచ్చిందో తనకూ అదే వస్తుందన్న నమ్మకం పోతే ఆ రాగం దానంతటదే పోతుంది. పాతికమంది తడబడతారు. తడబడనివ్వండి. ఆ తడబాటులోనే విన్నది అర్థం చేసుకుంటున్నారు. ఊబర్ గురించి బాధపడకండి, ఆ కుర్రాడు ఓలాలో హెచ్ పలకదని జన్మలో మర్చిపోడు. అసలు ఆ క్యాబ్ కంపెనీ పేరు కూడా ఆ స్పానిష్ మాట నుంచి వచ్చిందే అని చెప్పి ముందుకెళ్ళిపోండి.

వీడ్కోలు దగ్గర మీ ఉత్తరంలో ఒక చిన్న సంగతి దొరికింది. పీరియడ్ అవగానే పిల్లలందరూ 'ఆస్తా మన్యానా' అంటారని రాశారు, రేపు కలుద్దాం అని. మీ పీరియడ్లు సోమ, బుధ, శుక్ర. రేపు ఎప్పుడూ క్లాసు లేదు! సోమవారం 'ఆస్తా ఎల్ మియెర్కోలెస్', బుధవారం 'ఆస్తా ఎల్ వియెర్నెస్', శుక్రవారం 'ఆస్తా ఎల్ లూనెస్' అనాలి. ఎవరైనా మన్యానా అంటే తలుపు దగ్గర అడ్డంగా నిలబడి 'మన్యానా?' అని ఆశ్చర్యపడండి. లంచ్ బెల్లు కొట్టాక బయటికి వెళ్ళడానికి పిల్లలు వారాల పేర్లు ఎంత తొందరగా నేర్చుకుంటారో చూద్దురుగాని.

చీటీల ఆట ఒకటి కూడా పెట్టండి. ఒక్కో చీటీ మీద ఒక వేళ, ఒక మనిషి: 'ఉదయం ఎనిమిది, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్', 'రాత్రి తొమ్మిది, స్నేహితుడి తాతగారు', 'సాయంత్రం ఐదు, క్లాస్‌మేట్'. చీటీ తీసిన పిల్ల ఎవరికీ చూపించకుండా పలకరించాలి. విన్నవాళ్ళు వేళ ఏమిటో, ఎదుటి మనిషి పెద్దా చిన్నా కనిపెట్టాలి. 'బ్వేనాస్ నోచెస్, కోమో ఎస్తా ఉస్తెద్' అంటే తాతగారని తెలిసిపోతుంది. ఇంగ్లీషువాళ్ళకు తూ, ఉస్తెద్ తేడా చెప్పడానికి టీచర్లు ఒక పీరియడ్ ఖర్చుపెడతారు. మీరు నువ్వు, మీరు అంటే చాలు. ఒక్క తేడా: మన మీరుకి క్రియ బహువచనంలో ఉంటుంది, ఉస్తెద్‌కి మాత్రం అతను, ఆమె అన్నప్పుడు వచ్చే ఎస్తా వస్తుంది. వాచ్‌మన్ చీటీ దగ్గర మాత్రం కాస్త గొడవ కావచ్చు. ఇంట్లో ఆయన్ని నువ్వు అనే పిల్లలే ఎక్కువ ఉంటారు, ఉస్తెద్ ఎందుకని అడుగుతారు. ముక్కూమొహం తెలియని పెద్దాయనను అక్కడ అలాగే అంటారని చెప్పండి. చర్చ ముదిరితే ఐదు నిమిషాలు ఇవ్వండి, అంతకంటే వద్దు. ఇది కూడా దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో చాలా స్కూళ్ళలో పిల్లలు టీచర్నే తూ అంటారు, కొలంబియా రాజధాని బొగొతాలో ఇంట్లోవాళ్ళ మధ్య కూడా ఉస్తెద్ వినిపిస్తుంది. మీ క్లాసులో మిమ్మల్ని ఉస్తెద్ అనమనండి. మర్యాద కోసమని కాదు, లేకపోతే ఆ రూపం వాడే సందర్భమే వాళ్ళకు రాదు.

'బ్వేనోస్' ఎందుకు, 'బ్వేనాస్' ఎందుకు అని అడిగితే దీయా పుంలింగం, తార్దె, నోచె స్త్రీలింగం అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయండి. 'బ్వేనాస్ దీయాస్' అన్నవాళ్ళకు ఎర్ర పెన్ను గీతలు వద్దు. ఆ తప్పు వినీ వినీ పోతుంది.

కోఆర్డినేటర్ మాటలో న్యాయం లేకపోలేదు. నెలరోజులు అదే రెండు వాక్యాల పాట ఆమె విన్నారు కాబట్టి అలా అన్నారు. ఇప్పుడు మీకు రెండు దారులు. చెప్పినట్టు అంకెల్లోకి వెళ్ళిపోతే గొడవ ఉండదు, కానీ ఉనో, దోస్, త్రెస్ కూడా ఆ రాగంలోకే ఎక్కేస్తాయి, దసరా నాటికి మీకు రెండు పాటలు తయారవుతాయి. రెండోది, పలకరింపులు వదలకుండా వాటిలోనే సిలబస్ కనపడేలా చేయడం: గంటల్లో అంకెలు, వీడ్కోలులో వారాలు, కాన్సాదో, కాన్సాదాల్లో లింగం, కోమో ఎస్తాస్‌లో మొదటి క్రియ. దీన్ని ఒక కాగితం మీద రాసి, తర్వాతి పరిశీలనకు ముందే ఆమెకు ఇవ్వండి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాల్లో మొదటి మెట్టైన ఏ1 స్థాయికి పలకరించడం, వీడ్కోలు చెప్పడం, పరిచయం చేసుకోవడం, దయచేసి, థాంక్స్, సారీ లాంటి మర్యాద మాటలతో ఎదుటివాళ్ళతో పరిచయం కలుపుకోగలగడం అని స్పష్టంగా ఉంది. స్కూలు పిల్లల కోసం ఉన్న డీఈఎల్ఈ ఏ1 కూడా ఆ స్థాయిదే. అంతర్జాతీయ సిలబస్ స్కూళ్ళలో ఈ మాట బాగా చెల్లుతుంది, వాడుకోండి. ఆమె అయినా ఒప్పుకోకపోతే వారానికి ఒక పీరియడ్ అంకెలకు ఇచ్చేయండి, దాని కోసం తగాదా పెట్టుకునేంత విషయం కాదు.

తల్లిదండ్రుల ముందు బట్టీ పట్టిన సంభాషణ పెట్టిస్తే అందంగా ఉంటుంది, చప్పట్లు పడతాయి. మీకు ధైర్యం ఉంటే వచ్చిన తల్లిదండ్రులనే చీటీ తీయమనండి, పిల్లలు అప్పటికప్పుడు పలకరిస్తారు. కొందరు తప్పులు పోతారు, అది ముందే కోఆర్డినేటర్‌కు చెప్పి ఒప్పించుకోవాలి. చెప్పకుండా చేస్తే మీ మీదికే వస్తుంది. భయంగా ఉంటే సగం సంభాషణ, సగం చీటీలు.

చెంపల స్లైడ్ తీసేయాల్సిన అవసరం లేదు, చేసి చూపించాల్సిన అవసరం అంతకంటే లేదు. పెద్దవాళ్ళు పరిచయమప్పుడు స్పెయిన్‌లో రెండుసార్లు, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఒకసారి చెంప ఆనిస్తారు, స్కూలు పిల్లలు చెయ్యి ఊపి ఓలా అంటారు, అని చెప్పి తర్వాతి స్లైడ్‌కు వెళ్ళండి. ఆ తల్లికి ఫోన్ చేసి "పిల్లల చేత చేయించలేదండీ, తెలియడం కోసం చెప్పాను" అనండి చాలు.

ఉద్యోగం సంగతి. ఆ అబ్బాయి ప్రశ్న వల్ల మానేస్తానంటే నేను వద్దనే అంటాను. జీతం రెట్టింపు వస్తుందని వెళ్తానంటే అది వేరే లెక్క, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కస్టమర్ సపోర్ట్‌లో మీకు ఇప్పుడు లేనిది ఒకటి దొరుకుతుంది: రోజంతా మెక్సికో, కొలంబియా, స్పెయిన్ మనుషుల గొంతులు. ఏడాది తర్వాత మళ్ళీ క్లాసులోకి వస్తే ఏ పిల్లాడు ఏ యాసలో దిద్దినా ఉలిక్కిపడరు. మరోవైపు, లాటిన్ అమెరికా వేళలంటే చాలావరకు రాత్రి షిఫ్టులు, కాల్స్‌లో విసుక్కునేవాళ్ళే ఎక్కువ. మీరు మధ్యలో వెళ్ళిపోతే స్కూలు స్పానిష్ తీసేసి ఫ్రెంచ్ పెట్టేసే అవకాశం కూడా ఉంది, అలా చేసిన స్కూళ్ళు నాకు తెలుసు. ఇక్కడే ఉండి చెవి పదును పెట్టుకోవాలంటే ఢిల్లీలోని సెర్వాంతెస్ కేంద్రం టీచర్లకు కోర్సులు నడుపుతుంది, సెలవుల్లో కుదురుతుందేమో చూడండి.

మార్చి దాకా ఆగి చూడమని నా సలహా. ఈలోగా అపాయింట్‌మెంట్ ఆర్డర్లో నోటీసు పీరియడ్ ఎంతుందో చూసుకోండి, చాలా స్కూళ్ళు విద్యాసంవత్సరం మధ్యలో వెళ్తే జీతం పట్టుకుంటామని రాసుకుంటాయి. ఆ కంపెనీ వాళ్ళకు కూడా ఒక మెయిల్ పెట్టి ఏప్రిల్‌లో చేరితే తీసుకుంటారా అని అడగండి. కాదంటే అప్పుడు ఆలోచిద్దాం, మళ్ళీ రాయండి.